మూడు చుక్కలు రాని కాగితం

ఆయన అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. అందరూ రేపటాయన అనేవారు. మొదట్లో వెనకాల అన్నారు, తర్వాత మొహమ్మీదే అన్నారు, చివరికి ఆయనే ఆ పిలుపుకి పలకడం మొదలుపెట్టాడు. చేసే పని అలాంటిది మరి. కంపెనీలకీ, ఆఫీసులకీ, ఆస్పత్రులకీ వెళ్ళి, అక్కడి పెద్దవాళ్ళనీ చిన్నవాళ్ళనీ ఒకే గదిలో కూర్చోబెట్టి, పదేళ్ళ తర్వాత మీ సంస్థ గతేమిటని అడిగేవాడు. ఈ నెల గడిస్తే చాలు దేవుడా అనుకునేవాళ్ళని పట్టుకుని పదేళ్ళ సంగతి అడిగితే ఏమంటారు? ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వేవారు. ఆయన నవ్వనిచ్చేవాడు. మధ్యాహ్నానికి ఆ నవ్వులు సన్నగిల్లేవి. సాయంత్రానికి ఒకరిద్దరు నిజంగానే భయపడేవారు. ఆ భయం పుట్టిందంటే తన పని సగం అయినట్టే అని ఆయన లెక్క.

జోస్యం అంటే మాత్రం ఒళ్ళు మండేది. "జరగబోయేది చెప్పడం నావల్ల కాదండీ. జరగడానికి వీలున్నవన్నీ గోడమీద పెడతాను. వేటికి సిద్ధపడతారో మీరే తేల్చుకోండి," అనేవాడు. ఆ పద్ధతి కూడా పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక్కొక్కరు తమకి తోచింది ఒక్కో కాగితం మీద రాసి గోడకి అంటించాలి. తర్వాత తలా ఐదు ఎర్రచుక్కల స్టిక్కర్లు ఇస్తాడు. దేనికి ముందుగా సిద్ధపడాలనుకుంటారో దానిమీద చుక్క అతికించాలి. టీ వేళకి మూడు చుక్కలైనా రాని కాగితాలు గోడ దిగిపోతాయి. మిగిలినవాటితో ప్రణాళిక తయారవుతుంది. ఆ మూడు చుక్కల నియమం ఆయన సొంతం. దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే ముసిముసిగా నవ్వుకునేవాడు.

ఇంకో నియమం కూడా ఉంది. గోడమీద తన చెయ్యి పడకూడదు. దీని వెనక ఒక కథ ఉంది. కుర్రతనంలో ఆయన ఒక బస్సుల కంపెనీ ప్రణాళికా విభాగంలో పనిచేశాడు. ఈ గోడ పద్ధతి మొదటిసారి నడిపింది అక్కడే. జనమంతా సొంత బళ్ళు కొనుక్కుంటారు, మన బస్సులు ఖాళీగా తిరుగుతాయి అని ఆయనకి గట్టి నమ్మకం. తోటివాళ్ళకి అది పట్టలేదు. ఉండబట్టలేక ఆ కాగితానికి తనే రెండు చుక్కలు అతికించి నివేదికలోకి ఎక్కించాడు. పై అధికారి అది చూశాడు. "ఇది కంపెనీ భవిష్యత్తు కాదయ్యా, నీ బుర్రలో పురుగు," అని ఆ నివేదికని అందరి ముందూ నిలువునా చింపేశాడు. ఆరేళ్ళలో ఆ కంపెనీ మూతపడింది. బస్సుల షెడ్డు కుర్చీలూ బల్లలూ దాచే గోడౌన్ అయింది. నేను చెప్పలేదూ అని సంబరపడడానికి కూడా ఆయనకి వీల్లేకపోయింది, ఎందుకంటే పోయిన ఉద్యోగాల్లో తనదీ ఒకటి. అంత జరిగాక ఆయన నేర్చుకున్నదేమిటయ్యా అంటే, గోడమీద చెయ్యి పెట్టకూడదని! మనుషులు దెబ్బ తింటే పాఠం నేర్చుకుంటారు, కాదనను. ఏ పాఠం నేర్చుకుంటారన్న దగ్గరే వస్తుంది చిక్కంతా.

ఇంట్లో ఆయనా, అక్కా, ఇద్దరే. అక్క పదేళ్ళు పెద్దది. తల్లి పోయేనాటికి ఆయనకి ఆరేళ్ళు. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి ఆమే పెంచింది. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "ఒకణ్ణి సాకుతున్నాను, చాలదూ?" అని కొట్టిపారేసేది. తమ్ముడికి సంబంధాలు చూసింది గానీ, పెళ్ళిచూపుల్లో కూడా వాడు పదేళ్ళ తర్వాతి సంగతులు మాట్లాడేసరికి ఒక్కటీ కుదరలేదు. రెండో అంతస్తులో మూడు గదుల ఇల్లు వాళ్ళది. కిటికీ పక్కన కుట్టుమిషను, ఎదురుగా ఆయన కాగితాల కట్టలు. ఇంట్లో గ్యాసు అయిపోయిన రోజున అక్క నోటికి అడ్డుండేది కాదు. "ఊరందరికీ పదేళ్ళ ముందు సంగతి చెప్తావు. సిలిండరు ఇవాళ అయిపోతుందని నిన్న తెలియలేదేంరా నీకు?" అనేది. ఆయన తల గోక్కుంటూ హోటలుకి బయల్దేరేవాడు.

అక్కకి అరవై రెండో ఏట కిడ్నీలు రెండూ మొరాయించాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఆస్పత్రిలో డయాలసిస్. పెద్ద హాల్లో పన్నెండు మిషన్లు, ఆమెది కిటికీ వైపు ఏడో మంచం. నాలుగేసి గంటలు అలా పడుకుని, పక్క మంచం మీది టీచరమ్మతో లోకం కబుర్లన్నీ చెప్పుకునేది. ఆ మిషన్లు చూసుకునే టెక్నీషియన్ బక్కపల్చటి మనిషి. మాట తక్కువ, చెవి ఎక్కువ. చప్పుడు విని ఏ మిషను నలతగా ఉందో చెప్పగలడు. రోగి ఒక్కరికి ఒక్క పూటకి రెండొందల లీటర్ల పైనే నీళ్ళు కావాలని, అవి లేకపోతే ఆ మిషన్లు ఉత్త ఇనప బీరువాలని రేపటాయనకి చెప్పింది అతనే.

ఆ ఏడే ఆస్పత్రి సూపరింటెండెంట్ ఆయన్ని పిలిపించింది. పదేళ్ళ ప్రణాళిక కావాలంది. రెండు రోజుల కార్యక్రమం. మూడో అంతస్తులో పొడవాటి గది. రెండో రోజు టీకి ముందు గోడమీద నలభై ఒక్క కాగితాలున్నాయి. రోబోలతో ఆపరేషన్లు అన్న కాగితానికి పదిహేడు చుక్కలు. విదేశాల నుంచి రోగులు వస్తారన్నదానికి పద్నాలుగు. జనం జరిగేదానికి కాదు, జరిగితే బాగుండుననుకునేదానికే చుక్కలు పెడతారు. ఎన్నో గోడలు చూసినవాడు గనక ఆయనకి అది తెలుసు. తెలిసీ ఏమీ చేసేవాడు కాదు.

గోడ చివర, స్విచ్చి బోర్డు పక్కన, ఇరుకిరుకు అక్షరాలతో ఒక కాగితం ఉంది. "ఎండాకాలంలో నాలుగైదు రోజులు పంపు నీళ్ళు రావు. ట్యాంకర్లూ దొరకవు. డయాలసిస్ ఆగిపోతుంది." దానికి రెండే చుక్కలు. ఒకటి రాసిన టెక్నీషియన్‌ది. రెండోది ఆస్పత్రి దుప్పట్లు ఉతికే విభాగం పెద్దామెది. మిగతావాళ్ళు దాని ముందు నుంచి నడిచి వెళ్ళిపోయారు. అంత పెద్ద జలాశయం పక్కన పెట్టుకుని ఈ ఊరికి నీళ్ళ కరువేమిటని ఒక డాక్టరు పకపకా నవ్వాడు కూడా.

రేపటాయన ఆ కాగితం ముందు ఆగిపోయాడు. చొక్కా జేబులో మిగిలిపోయిన చుక్కల పట్టీ ఉంది. ఒక్క చుక్క చాలు. గోరంత కాగితం. సరిగ్గా ఆ వేళకి రెండంతస్తుల కింద అక్క ఏడో మంచం మీద పడుకుని ఉంది. అదే ఆయన్ని పట్టి ఆపింది. ఇప్పుడు చుక్క పెడితే అక్క కోసం పెట్టినట్టే కదా, ఇంటి మనిషి కోసం దొంగ ఓటు వేసినట్టే కదా అనుకున్నాడు.

"సార్, ఒక్కటే తక్కువైంది," అన్నాడు టెక్నీషియన్ వెనక నుంచి.

"చూశానండీ. కానీ నియమం అందరికీ ఒకటే కదా," అన్నాడాయన.

కాగితం తీసి, మడిచి, గోడ దిగిపోయినవాటి కవరులో పెట్టేశాడు. టెక్నీషియన్ టీ తాగడానికి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ రేపటాయన తన నిజాయితీకి తనే మురిసిపోయాడు. ఈ ముక్క దాచిపెడితే మిగతా కథంతా చెప్పడం దండగ.

ప్రణాళిక మెరిసే అట్టతో అచ్చయింది. రిసెప్షన్‌లో అద్దాల బీరువాలో పెట్టారు. ఆస్పత్రి వెనక ఖాళీ స్థలంలో విదేశీ రోగుల కార్లకి షెడ్డు వేశారు. నీళ్ళ ట్యాంకు కట్టదలిస్తే పట్టే స్థలం అదొక్కటే. విదేశీ రోగి మచ్చుకి ఒక్కడూ రాలేదు గానీ, డాక్టర్ల కార్లు నీడపట్టున ఉండేవి.

తర్వాత వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. మూడో ఎండాకాలానికి జలాశయంలో బురద పగుళ్ళిచ్చింది. పంపు నీళ్ళు మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత సున్నా. ట్యాంకర్ల కోసం ఊరు ఊరంతా కొట్టుకుంది. చివరికి ట్యాంకర్లు నింపే బోర్లు కూడా ఎండిపోయాయి. అప్పుడు ఆస్పత్రివాళ్ళు షెడ్డు పక్కన బోరు తవ్వించడం మొదలుపెట్టారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఏమిటో ఊరంతా కళ్ళారా చూసింది అప్పుడే. రాయి తగిలింది తప్ప నీటిచుక్క తగల్లేదు.

అక్కకి బుధవారం రెండు గంటలే చేశారు. శుక్రవారం అసలు పిలవలేదు. శనివారం పొద్దున సూపరింటెండెంట్ ఫోన్ చేసింది.

"మీరొకసారి రావాలండీ. పేషెంట్లు నలభై ఎనిమిది మంది. ఉన్న నీళ్ళు పందొమ్మిది మందికి సరిపోతాయి, అదీ బొటాబొటిగా. రైలు మీద నీళ్ళు పంపుతామంటున్నారు, ఆరు రోజులు పడుతుందట. చుట్టుపక్కల ఊళ్ళ ఆస్పత్రులన్నీ అడిగాను, పేషెంట్లని ఎక్కడా తీసుకోలేమంటున్నారు. ఎవరికి చెయ్యాలన్నది నేనొక్కదాన్నే ఎలా చెప్పను? నలుగుర్నీ కూర్చోబెట్టి తేల్చడం మీకలవాటు కదా."

"వాళ్ళలో మా అక్క ఉందండీ."

"తెలుసు. అయినా మిమ్మల్నే పిలుస్తున్నాను."

వెళ్ళాడు. వెళ్ళకుండా ఉండాల్సింది అనిపిస్తుంది నాకు. కానీ జీవితమంతా అందరికీ న్యాయంగా ఉండాలనుకున్న మనిషి ఆ పూట మాత్రం ఎలా మారతాడు? మూడో అంతస్తు గదిలో ఇద్దరు డాక్టర్లు, హెడ్‌నర్సు, టెక్నీషియన్, సూపరింటెండెంట్. ఆయన ఒక్కో ప్రశ్నా అడిగాడు, వాళ్ళు ఒక్కో జవాబూ చెప్పారు. చిన్నపిల్లలున్నవాళ్ళు ముందు. అరవై దాటనివాళ్ళు ముందు. గుండె జబ్బు లేనివాళ్ళు ముందు. ఒక్కటీ తప్పని అనడానికి లేదు. గంటలో జాబితా తయారైంది. అక్కకి అరవై ఆరు, గుండె బలహీనం, ఆమె పెంచిన పిల్లాడికి యాభై ఆరేళ్ళు. ముప్పై ఒకటో పేరు ఆమెది.

ఆయన పెన్ను కింద పెట్టాడు. ఈసారి నియమాలన్నీ తుంగలో తొక్కడానికి ఆయన సిద్ధంగానే ఉన్నాడు. "ముప్పై ఒకటి..." అని నోరు తెరిచాడు.

"సార్, పందొమ్మిదో పేరు ఒక బస్సు డ్రైవరుది," అన్నాడు టెక్నీషియన్ మెల్లిగా. అందులో దెప్పిపొడుపు లేదు. "ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది నాలుగో క్లాసు."

ఆయన తెరిచిన నోరు మూసుకున్నాడు. సూపరింటెండెంట్ జాబితా మీద సంతకం పెట్టింది.

మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాడు. అక్క కిటికీ పక్కన కూర్చుని పాత చొక్కా కాలరు తిరగేసి కుడుతోంది. కాళ్ళు వాచి చెప్పులు పట్టక వట్టి కాళ్ళతోనే మిషను తొక్కుతోంది. రెండు తొక్కులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"ఏమన్నార్రా?"

"అదేనక్కా... నీళ్ళ బండి వస్తుందంటున్నారు... చూడాలి..."

"నసక్కు. సోమవారం పిలుస్తారా, పిలవరా?"

"పిలవరు. ఆరు రోజులు పడుతుంది."

"ఆరు రోజులు నేనుంటానా?"

మూడు, మహా అయితే నాలుగు అని డాక్టరు బయట వరండాలో చెప్పేశాడు. ఆయనకి ఆ అంకె నోటికి రాలేదు. దాని బదులు మూడేళ్ళుగా ఎవరికీ చెప్పనిది బయటికొచ్చింది. గోడ చివర కాగితం, రెండు చుక్కలు, జేబులో పట్టీ, ఏడో మంచం, అన్నీ చెప్పాడు. అక్క మిషను తొక్కడం ఆపి చివరిదాకా వింది.

"నాకోసం పెట్టినట్టవుతుందని మానేశావా?"

"అవునక్కా."

"ఆ హాల్లో నాతోపాటు ఇంకా నలభై ఏడుమంది పడుకుంటారు కదరా. టీచరమ్మ ఉంది. మూల మంచం మీద మెకానిక్కు ఒకడున్నాడు. వాళ్ళకోసమని పెట్టొచ్చుగా? నీకంటికి నేనొక్కదాన్నే ఆనానా?"

భూమి రెండుగా చీలి మింగేస్తే బాగుండుననిపించింది ఆయనకి. మీ కంటికి ఆననిదేమిటో చూడండి అని ఇరవై ఆరేళ్ళు ఊరందరికీ చెప్పిన మనిషి ఆయన. ఈ ఒక్క ముక్కా ఆయనకి తట్టలేదు. ఆ రోజు గోడ దగ్గర తట్టలేదు, తర్వాత మూడేళ్ళలో ఒక్కనాడూ తట్టలేదు. కుర్చీలో కూలబడి, పంచప్రాణాలూ పోయినట్టు ఏడ్చాడు. అక్క ఓదార్చలేదు. అంటే కోపమని కాదు, ఓదార్చడానికి ఆమెకి ఊపిరి చాల్లేదు.

కాసేపయ్యాక, "ఒరేయ్, ఆ బిందెలోంచి గ్లాసు నీళ్ళివ్వు," అంది.

"పొద్దున్నే తాగేశావు కదక్కా ఇవాళ్టివి," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. డయాలసిస్ మొదలైనప్పటి నుంచీ ఆమెకి నీళ్ళు కొలతే. రోజుకి మూడు చిన్న గ్లాసులు. అంతకు మించి తాగితే ఒంట్లోంచి బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరతాయని డాక్టర్లు భయపెట్టారు. ఎండ మండిపోతున్నా, నాలుక పిడచకట్టుకుపోతున్నా, నాలుగేళ్ళలో ఒక్క గుక్క ఎక్కువ తాగి ఎరగదు.

"ఇంకా కొలతేమిట్రా? పెద్ద గ్లాసు తీసుకో. నిండా ముంచు."

ముంచి ఇచ్చాడు. రెండు చేతులా పట్టుకుని, మధ్యలో దించకుండా, గటగటా మొత్తం తాగేసింది. మూతి తుడుచుకుని ఖాళీ గ్లాసు మళ్ళీ ఆయన చేతికిచ్చింది.

"ఇంకోటి," అంది.

ఆయన బిందె దగ్గరికి వెళ్ళాడు.