గంజి పెట్టిన ఊలు

వానలు వెనుకపట్టి ఎండ తేటపడే రోజులు రాగానే ఏటేటా నేను, నన్ను కన్న మా అవ్వ ఇనుప సందూకు తెరుస్తాను. మూత ఎత్తీ ఎత్తకముందే ఎండిన వేపాకు చేదు, దాని వెనుక పాత ఉన్ని వెచ్చదనం, అన్నిటికీ అడుగున నా ముక్కుకు మాత్రమే అందే బియ్యపు గంజి పులుపు, ఒకదాని వెంట ఒకటి వచ్చి నన్ను చొప్పదండిలోని మా ఇంటి అరుగుమీద కూర్చోబెడతాయి. ఆ సందూకులో ఉన్నవి ఆరేండ్ల పిల్లకు పట్టే ఒక స్వెట్టరు, కొనలు అరగదీసిన నాలుగు సైకిలు పుల్లలు, ఒక గళ్ల నోటుబుక్కు.

మాది నేతగాండ్ల వాడ. తెలతెలవారుతుండగా వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా మగ్గానికెక్కే నిలువు పోగుల పడుగు సాగదీసి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తూ ఉంటే, తడి నూలు మీద లేత ఎండ పడి వీధంతా పాలు పోసినట్టు మెరిసేది. ఆ పడుగు కింద నుంచి దూరి పరుగెత్తడమే మా ఆటల్లోకెల్లా గొప్ప ఆట. పట్టుబడితే కుంచె కర్రతో వీపుమీద ఒక్కటి. చలికాలంలో మంట చుట్టూ చేరి, చేతుల్లో వేడి జొన్నరొట్టె, దానిమీద ఇంత ఎల్లిగడ్డ కారం పెట్టుకొని, కండ్లలో నీళ్లు కారుతున్నా వదలకుండా తినేవాళ్లం. నాన్నను మేము బాపు అనేవాళ్లం. గంజి పెట్టని పోగు మా బాపు లెక్కలో పోగే కాదు. ఒంటిమీది అంగీ మొదలు నెత్తిరుమాలు దాకా ఆయనకు గంజి ఉండవలసిందే. నడుస్తుంటే ఎండుటాకుల చప్పుడయ్యేది.

మా అవ్వ పేరు రాజవ్వ. పగలంతా రాట్నం ముందు కూర్చొని బాపు మగ్గానికి నూలు కండెలు చుట్టేది. మిషన్ బడిలో రూతమ్మ టీచరని ఒకామె ఉండేది. శనివారం మధ్యాహ్నం బడి వరండాలో ఆడవాళ్లను కూర్చోబెట్టి ఊలు అల్లిక నేర్పేది. సీదా, ఉల్టా అనే రెండే రెండు కుట్లతో లోకమంతా అల్లవచ్చునని ఆమె చెబితే, మా అవ్వ రెండు నెలల్లోనే ఆ లోకాన్ని కలియదిరిగి వచ్చింది. పక్కింటి లచ్చవ్వకు అది మింగుడుపడలేదు.

"సాలోల్ల కోడలు మగ్గం ఇడిసిపెట్టి పుల్లలు వట్టింది. గా పుల్లలతోని పొయ్యన్న అంటువెట్టరాదు!" అనేది, వీధికంతా వినబడేటట్టు.

"అంటువెడ్త గని లచ్చవ్వా, ముందుగాల నీ మన్మనికి టోపీ అల్లనీ. చలికి ముక్కు కార్తుంది పోరనికి," అనేది అవ్వ, తల ఎత్తకుండానే.

అట్లా ఉండగా ఒకనాడు రూతమ్మ టీచరు మా గడపలోకి వచ్చి, నిర్మల్‌లో ఆడవాళ్లకు పని నేర్పే సర్కారు కేంద్రం పెడుతున్నారనీ, దానికి అల్లిక టీచరు కావాలనీ చెప్పింది. పెద్ద చదువు అడగరు. తన చేత్తో అల్లిన స్వెట్టరు ఒకటి తెచ్చి, అది ఎట్లా అల్లినదీ అధికారులకు వివరించి చెప్పాలి. టీచరు తనకోసం దాచుకున్న తెల్ల ఊలు చిలపలు, పోగుల చుట్టలు, అవ్వ ఒడిలో పెట్టింది. అంత తెల్లని ఊలు మళ్లీ దొరకాలంటే హైదరాబాదు పోవాలి, పోయేవారెవరు? ముప్పై ఏండ్లు నిండని మా అవ్వ, బాపు మగ్గానికి కండె చుట్టే మనిషిగా కాక తన పనితో తాను నిలబడే అవకాశం ఆ చిలపల్లోనే ఉన్నది.

నా కొలతకే మొదలుపెట్టింది. చంక దాకా ఒళ్లు, రెండు చేతులు పూర్తయినాయి. మిగిలిన చిలపలు దండేనికి వేలాడదీసి, తన మేనత్త ఇంట పెండ్లికి నన్ను వెంటబెట్టుకొని సుల్తానాబాద్ పోయింది. మూడోనాడు వచ్చేసరికి వాకిట్లో ఆ చిలపలు కొయ్యల్లాగా నిక్కి నిలబడి ఉన్నాయి. పక్కన కుంచె కడుక్కుంటూ బాపు, ముఖమంతా సంబరం.

"ఏందయ్యో గిది?" అన్నది అవ్వ.

"ఊలు మరీ మెత్తగున్నదే. గట్లుంటె నిలుస్తదా? జర గంజి వెట్టిన. రెండు సార్లు కుంచె గూడ కొట్టిన!"

వేడి గంజికీ కుంచె దెబ్బకీ ఊలు చాలామట్టుకు అట్టకట్టి తాడయిపోయింది. అవ్వ ఆ చిలపను ఒళ్లో పెట్టుకొని గడపమీద కూర్చున్నది. ఆనాడు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. తన గంజి ఎంత పని చేసిందో తెలిసిన బాపు, ఎన్నడూ లేనిది, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని పోగును అటూ ఇటూ నడిపే నాడె ముట్టకుండా ఊరికే కూర్చున్నాడు.

మరునాడు కుంకుడుకాయ నురగలో చన్నీళ్లతో నానబెట్టి పోగు పోగునా విడదీస్తే మిగిలింది గుప్పెడు. భుజాలకూ మెడకూ అది చాలదు. రూతమ్మ టీచరు ఇంట్లో పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఊలు తుంటలు, పాత అల్లికల్లో మిగిలిన ముక్కలు, మాత్రం ఉన్నాయి. అది బతుకమ్మ వారం. తంగేడు పూల వరుసమీద గునుగు, గునుగుమీద కట్లపూలు పేర్చుతూ, వరుస వరుసకూ చుట్టు తగ్గించుకుంటూ పోతున్న అవ్వ చేయి ఉన్నట్టుండి ఆగిపోయింది. తాంబాళం అట్లాగే వదిలి బాపు దగ్గరికి పోయింది.

"అడుగున నూటఇరువై కుట్లు. మెడకాడికొచ్చేసరికి అరువై గావాలె. రంగు రంగుకు ఎన్ని తగ్గియ్యాలె చెప్పు."

ఏండ్ల తరబడి చీరె అంచులకు పోగులు లెక్కగట్టిన మనిషి బొగ్గుముక్క తీసుకొని నేలమీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. గుండ్రంగా అల్లడానికి సూదులు లేకపోతే సైకిలు దుకాణం నుంచి నాలుగు పుల్లలు తెచ్చి, బండమీద కొనలు అరగదీసింది కూడా ఆయనే. బతుకమ్మను పేర్చినట్టు భుజాల నుంచి మెడ దాకా రంగులు ఎక్కినాయి. చివరి ఒక్క వరుసకు తెల్ల ఊలు తక్కువపడితే, గంజి వదలని పోగునే తీసి మెడ చుట్టూ వేసింది.

"గది గరుకుంటదే," అన్నాడు బాపు, తప్పుచేసిన పిల్లవానిలాగా.

"ఉండనియ్యి. నీ కష్టం గూడ ఉండాలె గద," అన్నది అవ్వ.

గోదావరి దాటి నిర్మల్ చేరిన పొద్దు మంచు పొగలాగా లేచి ఉన్నది. బల్ల వెనుక ముగ్గురు అధికారిణులు. వారి ముందు ఆ స్వెట్టరు తొడుక్కొని నేను. అందరికన్నా పెద్దామె నన్ను చుట్టూ తిప్పి చూసి, ఈ నమూనా ఏ పుస్తకంలోదని అడిగింది. అవ్వ నోరు విప్పేలోపల నేను మెడ గోక్కున్నాను. ఎందుకమ్మా అని ఆమె అడిగితే, "మా బాపు ఊలుకు గంజి వెట్టిండు!" అన్నాను, గొప్ప చెప్పుకుంటున్నాననుకొని. తక్కిన ఇద్దరూ ముఖముఖాలు చూసుకొని నవ్వినారు.

పెద్దామె నవ్వలేదు. ఏం జరిగిందో అవ్వను చెప్పమన్నది. అవ్వ ఏదీ దాచకుండా చిలపలు అట్టకట్టింది మొదలు బొగ్గు లెక్కల దాకా చెప్పింది.

"నేర్వొచ్చిన పిల్లలు గూడ ఊలు పాడు జేస్తరమ్మా. పాడైనంక ఏం జెయ్యాల్నో నాకెర్కున్నది," అని ముగించింది.

నెల తిరగకముందే తపాలాలో ఉద్యోగపు ఉత్తరువు వచ్చింది. బాపు దానిని పట్టుకొని వాడంతా తిరిగినాడు. లచ్చవ్వ ఇంటి ముందు మాత్రం రెండుసార్లు నడిచినాడు.

ఆ తరువాత ఎన్నో చలికాలాలు అవ్వ నిర్మల్‌లో పాఠం చెప్పింది. బొమ్మలకు రంగులు వేసే ఇండ్ల ముందు నిలబడి చిలుక రెక్క పచ్చదనాన్ని, పండు ఎరుపును కండ్లతో తెచ్చుకొని, గళ్ల నోటుబుక్కులో గడికొక కుట్టుగా పసుపుతో, కుంకుమతో, ఆకు పసరుతో నింపేది. ఆమె గీసిన నమూనాలు ఆదిలాబాద్ బడిపిల్లల ఒంటిమీద ఎక్కడ కనబడినా నేను ఆగి, అది మా అవ్వదని ఎదుటివారికి చెప్పనిదే కదిలేదాన్ని కాదు. ప్రతి ఏటా మొదటి పాఠంనాడు ఆమె నేర్వ వచ్చిన పిల్లల చేతికి ముందు ఇచ్చేది సూదులు కాదు. అట్టకట్టిన ఆ ఊలు తాడు.

ఇప్పుడు మా వాడలో వీధికి అడ్డంగా పడుగు సాగదు. గంజి వాసనతో తెల్లవారే ఇల్లు ఒక్కటీ లేదు. సీదా, ఉల్టా అని గొంతెత్తి లెక్కపెట్టే వరండాలు లేవు. స్వెట్టరు రంగులు వెలిసిపోయినాయి, ఉన్ని పత్తికన్నా మెత్తబడిపోయింది. ఎండకు ఆరవేసేముందు మెడ చుట్టూ వేలు తిప్పి చూసుకుంటాను. ఆ ఒక్క వరుస ఇంకా గరుకుగానే ఉన్నది.