దివాలా తీయని దేశానికి పెళ్ళి విచారణ

మా ఇంట్లో నన్ను ఏ పనికైనా పంపుతారు గానీ సాక్ష్యానికి మాత్రం పంపరు. ఉన్నదానికి నాలుగు కలిపి చెబుతానని పేరు. అలాంటి నన్ను మా అన్న తన కూతురి పెళ్ళి విచారణకు ఖతార్ పంపాడంటే, ఆయన ఎంత కంగారులో ఉన్నాడో మీరే ఊహించుకోండి.

అమెరికాలో బ్యాంకులు కూలిన మరుసటి ఏడు, చలికాలం. మా మేనకోడలు శిరీషకు సంబంధం ఖాయమైంది, లగ్నపత్రిక రాసుకోవడమే మిగిలింది. పిల్లవాడు మహేందర్ ఖతార్‌లో సర్వేయరు. సరిగ్గా అప్పుడే దుబాయ్ అప్పులు కట్టలేకపోతోందని టీవీలో వచ్చింది. మా జగిత్యాల పక్క పల్లెల్లో గల్ఫ్ అంటే అంతా దుబాయే. మస్కట్ వెళ్ళినవాడూ దుబాయ్ పోయినట్టే లెక్క. దుబాయ్ మునిగింది, పిల్లను ముంచకు అని మా వాడ అంతా చేరి అన్నకు చెప్పింది. శిరీష మాత్రం ససేమిరా అంది.

"నీ ఆడబిడ్డ ఆడనే ఉన్నది గద చెల్లె, పోయి కండ్లార చూసిరా. ఉన్నదున్నట్టు చెప్పాలె" అన్నాడు అన్న. ఆ చివరి మాట రెండుసార్లు అన్నాడు.

గురువారం పొద్దున హైదరాబాద్‌లో విమానమెక్కాను. నాలుగు గంటల ప్రయాణం. దిగాక గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి. ఆ మేరకు నా వయసు తగ్గిందని విమానాశ్రయానికి వచ్చిన మా ఆడబిడ్డ పద్మతో వాదించాను. "తగ్గినట్టు కనబడతలేదు వదినా" అంది.

వాళ్ళ ఇల్లు రాజధానిలోనే, మదీనత్ ఖలీఫా అనే పేటలో, ఒక విల్లాలో సగం భాగం. సాయంత్రం నన్ను సముద్రపు ఒడ్డున కార్నిష్‌కు తీసుకెళ్ళారు. అవతలి ఒడ్డంతా క్రేన్లే. లోకమంతా పనులు ఆగి ఏడుస్తుంటే అక్కడ శనివారం సంతలా ఉంది. నేను బెంచీ మీద ఒక కునుకు తీసి లేచేసరికి ఎదుటి టవరుకు ఒక అంతస్తు పెరిగింది. పద్మ ఒప్పుకోదు, అర అంతస్తే అంటుంది.

రాత్రి భోజనాల దగ్గర పద్మ భర్త రమణను అసలు సంగతి అడిగాను. ఆయన అక్కడి బ్యాంకులో లెక్కలు చూస్తాడు. ఈ దేశానికి సముద్రం కింద గ్యాస్ ఉందట. దాన్ని గడ్డకట్టేంత చలిలో పెట్టి ద్రవంగా మార్చి ఓడల్లో జపాన్‌కీ కొరియాకీ పంపుతారు. కొనేవాళ్ళు ఇరవై, పాతికేళ్ళకు ముందే సంతకాలు చేసి ఉన్నారు. కాబట్టి అమెరికాలో ఎవరు మునిగినా ఇక్కడి ఓడ ఆగదు. దెబ్బ అసలు తగల్లేదని కాదు, బ్యాంకులు భయపడ్డాయి, ఇళ్ళ ధరలు పడ్డాయి. ప్రభుత్వమే వచ్చి బ్యాంకుల్లో వాటాలు కొని, రాని అప్పుల బరువు కొంత తన నెత్తిన వేసుకుంది. "మిగతా దేశాలు అప్పు తెచ్చి బ్యాంకులను లేపినై అక్కా. ఈళ్ళు సొంత పైసలతో లేపిన్రు" అన్నాడు. మా పాత కరీంనగర్ జిల్లా అంత దేశం ఇంత నిబ్బరంగా ఉండడం చూసి నాకు ముచ్చటేసింది. ఆ ఓడల పొడవు గురించి మాత్రం నన్ను అడగకండి. ముందు గదిలో వండిన అన్నం చివరి మనిషికి చేరేసరికి చద్దన్నం అవుతుందని మా వాడలో ఇప్పటికే చెప్పేశాను.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం దాకా దుకాణాలు తెరవరు, వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాలి. నాలుగింటికి అల్ మన్సూరా పేటలో తెలుగువాళ్ళు నడిపే ఒక మెస్సుకు వెళ్ళి, ఎవరికీ అనుమానం రాకుండా విచారణ మొదలుపెట్టాను. ఫ్లాటు అద్దెకు కావాలన్నాను, ఉత్తరాన షమాల్ పక్క పనిచేసే సర్వేయర్లు ఎలాంటివాళ్ళని, అటు పొద్దున బస్సు ఎన్నింటికని అడిగాను. ఫ్లాటుకూ సర్వేయరుకూ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. నా నటన మీద నాకే గౌరవం కలిగింది.

శనివారం పొద్దున ఏడింటికి మదీనత్ అల్ షమాల్ బస్సెక్కాను. దేశం ఉత్తరపు కొస అది. మహేందర్ పని అక్కడే. టికెట్టు చాలా చవక. ఆడవాళ్ళకు ముందు సీట్లు వదులుతారు. స్వెట్టర్ తప్పనిసరి, బయట ఎండ ఎంతున్నా బస్సులో ఏసీకి డబ్బాలోని పెరుగు రాయిలా గడ్డకడుతుంది.

వెనక సీట్లో నిజామాబాద్ పక్క మనిషి, పోశన్న, తాపీ పని. ఏం పని మీద వచ్చారని అడిగితే, ఒక టవర్ కొందామని వచ్చానన్నాను.

"ఏ టవరక్కా? నేను కట్టింది కొనుండ్రి, లిఫ్టు మంచిగుంటది" అన్నాడు నవ్వకుండా. కాసేపాగి, "మహేందర్ సార్ పెండ్లి విచారణకు వచ్చింది మీరే గదా. నిన్న మెస్సుల అందరు అనుకున్నరు. సార్ బస్‌స్టాపు కాడ నిలబడి ఉంటడు" అన్నాడు.

నిజంగానే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, బూట్ల నిండా ఇసుక. "నమస్తే చిన్నమ్మా, చాయ్ తాగుదాం రాండ్రి" అని కారెక్కించుకున్నాడు. విచారణకు వచ్చినదాన్ని నేను, విచారణ జరిగింది నా మీద.

చాయ్ తాగి సైటుకు వెళ్ళాం. కొత్త రోడ్డు, దాని కింద డ్రైనేజీ గొట్టాలు. మిషన్లు ఆగకుండా నడుస్తున్నాయి. గేటు దగ్గర ఇద్దరు మనుషులు పాత కంపెనీ బోర్డు దించి, కొత్తది ఎక్కిస్తున్నారు. ఎందుకని అడిగాను.

"గదే చెప్పాలె చిన్నమ్మా. పాతది మా కంపెనీ. ఓనరు దుబాయ్‌ల ఉంటడు. ఆడ మునిగిండు, నెలాఖరుకు ఈడ మూసేస్తున్నడు. సర్కారు పని ఆపలే. ఇంకో కంపెనీకి ఇచ్చింది. ఆళ్ళు నన్ను తీసుకుంటమన్నరు."

"ఇంకేం మరి?"

"వేరేకాడ చేరనిస్తనని పాత ఓనరు రిలీజ్ కాగితం ఇయ్యాలె. అడిగిన, ఈడి మాటల ‘మాఫీ’, అంటే ఇంక లేదు. ఇయ్యకుంటే ఇంటికి పోవుడే, రెండేండ్ల దాక మళ్ళ ఈడికి రానియ్యరు."

గల్ఫ్ పటం తెలియని మా వాడ, గుడ్డిగా రాయి విసిరి సరిగ్గా ఈ పిల్లవాడి నెత్తినే కొట్టింది. దేశం నిక్షేపంగా ఉంది. రోడ్డు ఒక్క పూట ఆగలేదు. ఆ రోడ్డును కొలిచే మనిషి మాత్రం ఒకడి సంతకానికి కట్టేసి ఉన్నాడు. నేను అంతగా మెచ్చుకున్న దేశంలో ఈ ఒక్క పద్ధతి నాకు నచ్చలేదు. ఆ మాట రమణతోనూ అన్నాను.

మహేందర్ నన్ను ఏదీ దాచమనలేదు. "మామకంటే ముందు శిరీషకు చెప్పుండ్రి. నేను ఫోన్ చేస్తే బతిమిలాడినట్టు ఉంటది" అన్నాడు.

సముద్రం పక్కన కారు ఆపి, తను దిగి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. నేను శిరీషకు ఫోన్ చేసి, ఒక్క ముక్క కలపకుండా అంతా చెప్పాను.

"అత్తా, ఆ కాగితం వస్తదా?" అంది.

వస్తుందని చెప్పడం నాకెంత సేపు. నోటిదాకా వచ్చింది కూడా. అటు చూస్తే పిల్లవాడు నా వైపు తిరగకుండా నీళ్ళకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"తెల్వదే" అన్నాను.

"నువ్వు తెల్వదు అనుడు నేను పుట్టినంక ఇదే మొదలు. అయితే నువ్వు చెప్పిందంత నిజమే" అంది. తర్వాత నెమ్మదిగా, "బాపుకు నేను చెప్త. లగ్గం ఎన్కకు జరుపుదాం. మనిషిని మార్చుడు లేదని ఆడున్న ఆయనకు నువ్వు చెప్పు" అంది.

చెప్పాను. తల ఊపి, ముఖం అటు తిప్పుకొని చాలాసేపు కారు అద్దం తుడిచాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

బుధవారం తిరుగు ప్రయాణం. మహేందర్ సెలవు పెట్టి విమానాశ్రయానికి వచ్చాడు. కాగితం ఇంకా రాలేదు. రాకపోతే ఎలా అని అడిగాను.

"రెండేండ్లు ఇంటికాడ ఉంట. ఈ దేశం రెండేండ్లల్ల ఏడికీ పోదు చిన్నమ్మా" అన్నాడు.

విమానం లేచాక కిటికీలోంచి చూశాను. ఇటు ఇసుక, అటు నీళ్ళు, మధ్యలో వరసగా క్రేన్లు. చిన్న దేశమే. చెడ్డ రోజులు వస్తాయని ముందే అనుకుని ఇల్లు సర్దుకున్నట్టు కనిపించింది. దాని గురించి కొత్తగా కల్పించడానికి నాకేమీ దొరకలేదు.

హైదరాబాద్‌లో దిగి జగిత్యాల బస్సెక్కాను. సిద్దిపేట దాటుతుండగా అన్న ఫోన్ చేశాడు. శిరీష అంతా చెప్పిందట. కోపంగా ఉన్నాడేమో అనుకున్నాను.

"పిల్లగాడు ఏమన్న దాచిండా?" అన్నాడు.

"లేదన్నా. అడగకముందే చెప్పిండు."

బస్సు చప్పుడులో అన్న తీర్పు వినబడాలని ఫోన్ చెవికి అదుముకున్నాను.

"సర్వేయరే గద వాడు. మన పొలం గెట్టు కొలిచేటోడు దొరుకుతలేడు. కాగితం రాకుంటే, వచ్చి ముందుగాల మన గెట్టు కొలువుమను" అన్నాడు.