ఎస్తేరు గారు వద్దన్న గీత

మొన్న విశాఖపట్నం నుంచి విజయవాడ వెళ్తుంటే రైలు తాడేపల్లిగూడెంలో ఆగింది. కిటికీలోంచి తవుడు వాసన వచ్చింది. నేను ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగాను. రైసుమిల్లుల వైపు నుంచి వచ్చే ఆ వాసనకి మా బడో, మా నాన్నగారి కిరాణా కొట్టో గుర్తుకు రావాలి. కానీ నాకు కొల్లేరులోని ఒక చేపల చెరువు గట్టు గుర్తుకొస్తుంది. అక్కడ చేపలకు వేసే మేత కూడా తవుడే. ఆ బస్తాల పక్కన, కుచ్చిళ్ళకు బురద అంటుతున్నా చూసుకోకుండా, ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయిన ఎస్తేరు రాణి గారు గుర్తుకొస్తారు. ఆ తర్వాత ఆవిడ చేసిన పని తప్పో ఒప్పో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇంతమంది దగ్గర పనిచేశాను, చాలామంది ముఖాలు కూడా మరిచిపోయాను. ఆవిడ మాత్రం నన్ను వదల్లేదు.

ఏలూరులో ఒక బట్టల కొట్టు పైన రెండు గదుల్లో ఉండేది ఆవిడ ఆఫీసు. వెబ్‌సైట్లు, ఫోన్లో వాడే యాప్‌లు తయారు చేసేవాళ్ళం. మొత్తం ఏడుగురం. ఎస్తేరు గారి అమ్మానాన్నలిద్దరూ మిషన్ బడిలో టీచర్లు. ఆవిడ బెంగుళూరులో పెద్ద కంపెనీల్లో చాలా ఏళ్ళు పనిచేసి, తిరిగొచ్చి ఇది పెట్టారు. మేడమ్ అంటే ఒప్పుకునేవారు కాదు, పేరుకి గారు చేరిస్తే చాలనేవారు. నేను ఇంజనీరింగ్ అవగానే అక్కడ డిజైనర్‌గా చేరాను. రోజూ గూడెం నుంచి పాసింజరు బండిలో వచ్చేదాన్ని. నాకు పని బాగా వచ్చనే ధీమా ఉండేది. అది నెల రోజులు కూడా నిలవలేదు.

ఒక కంటి ఆసుపత్రికి అపాయింట్‌మెంట్ తీసుకునే పేజీ చేయమన్నారు. డాక్టరు గారి ఫొటో పెద్దగా, కింద ఆకుపచ్చ బటన్ పెట్టి ముచ్చటగా చేశాను. ఎస్తేరు గారు దాన్ని ఫోన్లో పెట్టించి, "పదమ్మా, బస్టాండు దాకా వెళ్ళొద్దాం," అన్నారు. ఎందుకో చెప్పలేదు. అక్కడ కళ్ళజోడు పెట్టుకుని బస్సు కోసం చూస్తున్న ఒక పెద్దావిడ పక్కన కూర్చుని, "ఏవండీ, దీంట్లో డాక్టరు గారికి పేరు రాయించుకోవాలి. ఎక్కడ నొక్కుతారు?" అని అడిగారు. పెద్దావిడ తడుముకోకుండా డాక్టరు గారి ముఖం మీద నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఏమీ జరక్కపోయేసరికి, "నాకు చదువు రాదండి, నేనే ఏదో చెడగొట్టాను," అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. తిరిగి వస్తుంటే నేను, "ఆవిడకి అలవాటు లేదు కదండీ," అన్నాను. ఎస్తేరు గారు ఆగి నా వైపు చూశారు. "అంత ముఖం పెట్టింది నువ్వు, మాధవీ. చెడగొట్టానని బాధపడింది ఆవిడ." ఆఫీసుకొచ్చాక పేజీ మార్చడానికి కూర్చున్నాను. ఫొటో తీసెయ్యాలా, చిన్నది చెయ్యాలా, దాన్నే బటన్ చెయ్యాలా? అడిగితే, "ఇంకో నలుగుర్ని అడిగి చూడు," అన్నారు. ఆవిడ దగ్గర పని నేర్చుకోవడమంటే నాకు తెలుసనుకున్నవి ఒక్కొక్కటీ చేజారిపోవడమే.

ఒకరు రాసిన కోడ్ ఇంకొకరు చదవకుండా ఎస్తేరు గారు బయటికి పంపనిచ్చేవారు కాదు. చదివినవాళ్ళు తమకు అర్థం కానిచోట అర్థం కాలేదని రాయాలి. మాలో అందరికంటే పెద్ద డెవలపర్ రాసినదానికి కొత్తగా చేరిన నేను అలా రాయడానికి జంకేదాన్ని. ఒకసారి అన్నీ అర్థమయ్యాయని రాసేశాను. ఎస్తేరు గారు నన్ను పిలిచి, నాలుగో వరుస ఏం చేస్తుందో చెప్పమన్నారు. చెప్పలేకపోయాను. ఆవిడ కోప్పడలేదు. "నాకూ తెలియలేదు. నువ్వు చెప్తావనుకున్నాను," అన్నారంతే.

రెండేళ్ళ తర్వాత చేపల మేత అమ్మే ఒక కంపెనీ వాళ్ళు యాప్ ఒకటి కావాలని వచ్చారు. రైతు ఫోన్ పట్టుకుని చెరువు గట్టు మీద చుట్టూ నడవాలి. నడిచినకొద్దీ తెరమీద గీత పడుతుంది. గీత కలవగానే విస్తీర్ణం లెక్కగట్టి, ఎంత మేత వెయ్యాలో యాప్ చెప్పాలి. గీత పడే తెర నాకు అప్పగించారు. నాలుగు నెలలు దానిమీదే ఉన్నాను. ఎండలో కూడా కనిపించేలా గీతకి ముదురు నారింజ రంగు పెట్టాను. నేను చేసినవాటన్నిటిలో అది బాగుందనిపించింది.

పరీక్షించడానికి కొల్లేటి ఊరొకదానికి వెళ్ళాం. సూరిబాబు గారని చిన్న రైతు, ఆయనకున్నది ఒక్కటే చెరువు. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని గట్టు మీద నడుస్తూ, వెనక గీత పడుతుంటే చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. మూడు వైపులు అయ్యాక ఆగిపోయారు.

"ఏవండీ, ఈ గీత ఎవరెవరికి కనపడుద్దండి?"

"మీకూ, కంపెనీ వాళ్ళకీ అండి," అన్నాను.

"కంపెనీ వాళ్ళు ఇంకెవరికన్నా చూపిస్తే? ఈ చెరువు సరస్సు హద్దు లోపలుందని కొందరంటారు, బయటుందని కొందరంటారు. లోపలని తేలితే గట్టు కొట్టేస్తారండి. మా నాన్న తవ్వించాడు. నాకు తెలిసింది అంతేనండి."

నాలుగో వైపు ఆయన నడవలేదు. నేను ఎస్తేరు గారి వైపు చూశాను. ఆవిడ మేత బస్తాల పక్కన అలాగే నిలబడి ఉన్నారు.

కాలువ దగ్గరికి వచ్చేసరికి పడవలో వల సర్దుకుంటున్న మంగమ్మ గారు మమ్మల్ని పిలిచారు. సరస్సులో చేపలు పట్టుకుని బతికే మనిషి. మేమెందుకు వచ్చామో అప్పటికే ఆవిడకి తెలిసిపోయింది. "గీయించండమ్మా, అన్ని చెరువులూ గీయించండి. ఈ గట్లు కట్టి మా వలలకి నీళ్ళు లేకుండా చేసిందెవరో అందరికీ తెలియాలి," అన్నారు.

మర్నాడు ఎస్తేరు గారు ఒప్పంద పత్రం తెచ్చి అందరి ముందూ చదివారు. రైతుల వివరాలు కంపెనీ ఎవరికైనా ఇవ్వొచ్చని అందులో ఉంది. పని మొదలుపెట్టేముందు మేమంతా దాన్ని చదివినవాళ్ళమే. అయినా ఒక్కరికీ అది కంటికి ఆనలేదు. విస్తీర్ణం ఫోన్లోనే లెక్కగట్టి గీతని కంపెనీకి పంపకుండా చెరిపేద్దామని ఆవిడ కంపెనీ వాళ్ళని అడిగారు. వాళ్ళు ఒప్పుకోలేదు. వారం తర్వాత ఆవిడ ఆ పని వదులుకున్నారు. మా పనులన్నిటిలోకీ అదే పెద్దది. ఇద్దరు వేరే ఉద్యోగాలు చూసుకుని వెళ్ళిపోయారు. రెండు గదుల్లో ఒకటి ఖాళీ చేశాం. బల్లలు దించుతున్న రోజున నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి.

"మనం ఎవరిని కాపాడామండీ? సరస్సుని ఆక్రమించినవాళ్ళని దాచిపెట్టామా?" అన్నాను.

"మేత లెక్క కోసం ఫోన్ పట్టుకున్నాడమ్మా ఆయన. తనమీద తను సాక్ష్యం చెప్పుకోడానికి కాదు కదా."

"మరి మంగమ్మ గారి సంగతి?"

పట్టుకున్న బల్లని కింద పెట్టారు. "ఆవిడకి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. అయినా వెళ్ళాలి," అన్నారు.

ఆ పని వదులుకున్నామని ఫోన్ చేసి చెప్పొచ్చు. చెప్పకపోయినా అడిగేవాళ్ళు లేరు. అయినా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. సూరిబాబు గారు కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చారు. మంగమ్మ గారు మాత్రం పడవ దిగలేదు. విన్నంతసేపు విని, "ఆయన భయం మీకు కనపడింది. నా ఆకలి కనపడలేదు," అన్నారు. ఎస్తేరు గారు కారణాలు చెప్తారనుకున్నాను. చెప్పలేదు. "అవునండీ," అన్నారు. ఆ మాట అన్నాక కూడా వెనక్కి తిరగకుండా, మంగమ్మ గారు చూపు తిప్పుకునేదాకా అక్కడే నిలబడ్డారు. నాకైతే పారిపోవాలనిపించింది.

ఏడాది తిరక్కుండా ఇంకో ఊరి ఆఫీసు ఒకటి అదే యాప్ చేసి ఇచ్చింది. సూరిబాబు గారే ఫోన్ చేసి చెప్పారు. "మీరు కాదన్నారు, వాళ్ళు చేశారండి. లెక్క బాగానే చెప్తుంది," అన్నారు. నాలుగో వైపు కూడా నడిచారా అని అడగబోయి ఊరుకున్నాను. ఆ గీతలు ఎవరి దగ్గరికైనా వెళ్ళాయో లేదో నాకు తెలియదు. మంగమ్మ గారి వలలకి నీళ్ళు దొరికాయో లేదో కూడా తెలియదు. ఎస్తేరు గారు చేసిన త్యాగం వల్ల ఒరిగిందేమిటి? అసలు దాన్ని త్యాగం అనొచ్చా? బల్లలు దించుకున్నది మేము. నష్టపోయింది మేమేనా?

ఎస్తేరు గారు ఇప్పుడు ఆఫీసు మూసేసి ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. ఆమధ్య వెళ్ళి కలిశాను. టీ తాగుతూ ఉండబట్టలేక, "ఇన్నేళ్ళయింది, ఇప్పుడైనా చెప్పండి. మనం చేసింది సరైనదేనా?" అని అడిగాను. నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఒక్కోరోజు సరైనదే అనిపిస్తుంది. మంగమ్మ గారు గుర్తొచ్చిన రోజు అనిపించదు. నాకు తెలీదమ్మా," అన్నారు.

నా దగ్గర ఇప్పుడు తొమ్మిదిమంది పనిచేస్తున్నారు. ఏ పని మొదలుపెట్టినా, దానివల్ల మేలు కలిగే ఒక మనిషి పేరు, నష్టపోయే ఒక మనిషి పేరు కాగితం మీద రాయమంటాను. ఊహించి కాదు, వెళ్ళి చూసి వచ్చి రాయాలి. రెండో పేరు దొరకలేదని పిల్లలు ఖాళీగా తెస్తారు. మళ్ళీ పంపిస్తాను. చివరికి రెండు పేర్లూ రాసి తెచ్చి, "ఇప్పుడేం చేద్దామండీ?" అని నా ముఖంలోకి చూస్తారు. నేను ఆ రెండు పేర్లూ పైకి చదువుతాను. ఆ తర్వాత ఏం చెప్పాలో చాలాసార్లు నాకు తెలియదు. ఆ సంగతే వాళ్ళకి చెప్తాను.