మైకు పిన్ని, రెండు ఎర్ర కార్లు

మా పిన్ని ఉన్న చోట ఏ మాటా ఒక్కసారితో పోదు. ఎవరు ఏమన్నా ఆవిడ దాన్ని వెంటనే అందుకుని, గొంతు పెంచి, చివర ఒక ‘ట’ తగిలించి మళ్ళీ అంటుంది. మీరు వాన వస్తోందంటే “వాన వస్తోందట!” అంటుంది. చెప్పింది మీరే కాబట్టి అది మీకోసం కాదు. పక్కనున్నవాళ్ళకి చెవులున్నాయి కాబట్టి వాళ్ళకోసమూ కాదు. మరి ఎవరికోసమో మాకు చాలాకాలం అంతుపట్టలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మా నాన్న తేల్చేశాడు. మేమంతా ఆవిడకి మైకు పిన్ని అని పేరు పెట్టి ఊరుకున్నాం.

ఒకసారి బాబాయి మోకాలు చూపించడానికి ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. పక్క బెంచీ మీద ఒక పెద్దాయన తనకొచ్చిన జబ్బేమిటో స్నేహితుడి చెవిలో గుసగుసగా చెప్పుకుంటున్నాడు.

“మొలలట!” అంది పిన్ని.

హాలు హాలంతా అటు తిరిగింది. పాపం ఆ పెద్దాయన నొప్పి కూడా మరిచిపోయి చకచకా నడిచి వెళ్ళిపోయాడు.

ఇంకోసారి మా మేనత్త తలుపు దగ్గరగా వేసి, “ఎవరికీ చెప్పకు వదినా...” అని మొదలుపెట్టింది.

“ఎవరికీ చెప్పకూడదట!” అని పిన్ని బాబాయి కూర్చున్న వరండాలోకి వినపడేలా అంది. మేనత్త తెచ్చిన కబురు ఏమిటో ఇప్పటికీ మాకు తెలియదు. ఆ రోజుతో మా ఇంట్లో చాడీలు అంతరించాయి.

బాబాయి ఇందుకు పూర్తిగా విరుద్ధం. నోట్లోంచి మాట రావడం గగనం. నలుగురిలో కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చుంటాడు. ఎవరైనా ఏదైనా చెబితే తొందరపడడు. పిన్ని దాన్ని మళ్ళీ అన్న తరవాత నిదానంగా తల ఊపి, ఒక్క మాట అంటాడు. అంత ఆలోచించి అన్నాడంటే అందులో ఏదో ఉండే ఉంటుందని అందరూ గౌరవంగా వింటారు. చుట్టాల్లో తగవు వస్తే తీర్పు ఆయనదే. ‘బంగారంలాంటి మనిషి, ఆ గోలతో ఎలా వేగుతున్నాడో!’ అని జాలిపడేవాళ్ళం. నేనూ పడ్డాను.

ఆయనకి సొంత ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. మిషన్ తిరుగుతుంటే గోడ అవతల కొట్లో డబ్బాలు గజగజలాడేవి. బాబాయి మిషన్ పక్కటెముక మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. సిరా ఎండుతోందా, పట్టీ వదులైందా, అన్నీ ఆ చేతికే తెలిసేవి. వయసులో ఉండగా ఒక కేలండరు మీద ఎర్ర స్పోర్ట్స్ కారు బొమ్మ అచ్చువేశాడట. ఎరుపు రంగు కాస్త పక్కకు జరిగి కారుకి రెండు అంచులు వచ్చాయి. పాడైపోయిన ఆ కాగితాన్ని పారెయ్యకుండా మిషన్ ఎదురుగా అంటించుకున్నాడు. ప్రెస్సు అమ్మేసిన రోజు సామానంతా వదిలేసి ఆ కాగితం ఒక్కటే చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. దాన్ని పిన్నికి చూపించి, “ఇది కొందామా?” అన్నాడు.

“కొందామట!” అని పిన్ని ఇల్లంతా చాటింది.

ఊళ్ళో పాత కార్లమ్మే షెడ్డులో సరిగ్గా అలాంటివి రెండున్నాయి. ఒకటి ఆ కేలండరు నాటిది. రెండోది అదే కారుకి తరవాత వచ్చిన కొత్త రూపం. రెండూ ఎర్రవే, రెండూ వాడినవే, రెండింటికీ రెండేసి సీట్లే. ధరలోనూ పెద్ద తేడా లేదు. ఈ సంగతి తెలియగానే వేరే ఊళ్ళో ఉన్న బాబాయి కూతురు, అంటే మా అక్క, నాకు ఫోన్ చేసింది.

“ఒరేయ్ తమ్ముడూ, ఈ వయసులో వీళ్ళకి స్పోర్ట్స్ కారేమిట్రా! సరే, కొనుక్కోనీ. కానీ కొత్తదే కొనాలి. దానికైతే ఎయిర్‌బ్యాగులుంటాయి, వెనక ఏదైనా అడ్డం వస్తే అదే కూస్తుంది. నాన్న పాతదాని జోలికి వెళ్ళాడో, ఈ కారు ముచ్చటే మానిపించేస్తాను. నువ్వు దగ్గరుండి చూసుకో.”

అలా నేను అక్క తరఫు రాయబారిగా షెడ్డుకి వెళ్ళాను. కార్లాయన తియ్యటి నోరున్న మనిషి. మమ్మల్ని చూడగానే చేతులు జోడించి మొదలుపెట్టాడు.

“రండి సార్, రండి మేడమ్! పాతది ఒకే ఒక్క డాక్టరుగారు నడిపిన బండి.”

“ఒక్కరే నడిపారట!” అంది పిన్ని.

కార్లాయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. తన మాట తనకే అంత గట్టిగా వినపడేసరికి మనిషి కాస్త ఇబ్బందిపడ్డాడు.

“అంటే... డాక్టరుగారి తరవాత వాళ్ళ బావమరిది కొన్నాళ్ళు...”

“బావమరిది కూడా నడిపాడట!”

“బావమరిది దగ్గర్నుంచి ఇంకొకాయన... కాదు, ఇంకో ఇద్దరు అనుకోండి.”

“ఇద్దరు అనుకోవాలట!”

కార్లాయన జేబురుమాలు తీశాడు. “టాపు మాత్రం గట్టిది మేడమ్. చుక్క నీళ్ళు దిగవు.”

“చుక్క నీళ్ళు దిగవట!”

“గట్టి వానైతే ఎడమ మోకాలి మీద కాస్త పడతాయి” అన్నాడు నీరసంగా. “కానీ తొందరగా తేల్చుకోండి. దీనికోసం సాయంత్రం ఇంకొకాయన అడ్వాన్సు తెస్తున్నాడు.”

“సాయంత్రం అడ్వాన్సు వస్తోందట!”

“వస్తే రావచ్చు. ఫోనైతే చేశాడు. షెడ్డు ఎక్కడని అడిగాడంతే.”

నేను ఎన్ని ప్రశ్నలడిగినా రాబట్టలేని నిజాలు పిన్ని ఒక్క ‘ట’తో రాలుస్తోంది. బాబాయి మాత్రం నిదానంగా తల ఊపుతూ రెండు కార్ల చుట్టూ తిరుగుతున్నాడు. పాతదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. దాని బానెట్ మీద చెయ్యి వేశాడు.

“ముందు కొత్తది చూద్దాం బాబాయ్” అన్నాను, అక్క ఉప్పు తిన్నవాణ్ణి కాబట్టి.

“ముందు కొత్తదట!”

బాబాయి కొత్తదాంట్లో కూర్చున్నాడు. పక్కన కార్లాయన. మీట నొక్కితే కారు స్టార్టవుతుంది. బాబాయి నొక్కాడు, స్టార్టయింది. మళ్ళీ నొక్కాడు, ఆగిపోయింది. ఇంకోసారి నొక్కాడు, స్టార్టయింది. మళ్ళీ నొక్కాడు.

“సార్, స్టార్టయింది సార్! ఊరికే ఉంచండి!”

“స్టార్టయిందట!” అని బయటనుంచి పిన్ని. అప్పుడుగానీ బాబాయి చెయ్యి తియ్యలేదు.

“అంత మెత్తని ఇంజన్ మేడమ్. నడుస్తున్నట్టే తెలియదు” అని కార్లాయన కిటికీలోంచి గొప్పగా చెప్పాడు. పిన్ని మొహం మాత్రం వెలవెలబోయింది.

బాబాయి కారు వెనక్కి తీస్తున్నాడు. షెడ్డు మూల పాత టైర్ల గుట్ట ఉంది. కారు టింగ్ టింగ్ అని హెచ్చరించింది. బాబాయి ఆగలేదు. టింగ్‌టింగ్‌టింగ్ అని కంగారుపడింది. ఆయన దర్జాగా ఇంకా వెనక్కే వస్తున్నాడు. కార్లాయన అరవడానికి నోరు తెరిచేలోగా పిన్ని నా పక్కనుంచి చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తి, అద్దంలో బాబాయికి కనపడేచోట నిలబడి, రెండు చేతులూ ఊపుతూ, నోరంతా తెరిచి అరిచింది.

“టింగ్ టింగ్ అంటోందండీ! టింగ్‌టింగ్ అంటోందీ!”

కారు టైర్లకి జానెడు దూరంలో ఆగింది. కార్లాయన కళ్ళు మూసుకునే, “చూశారా, ఎంత తెలివైన బండో!” అన్నాడు.

నేను మాత్రం పిన్నినే చూస్తున్నాను. మనుషుల మాటలు తిరిగి అనేది, సరే. కారు కూతని తిరిగి అనాల్సిన అవసరం ఎవరికుంటుంది? బాబాయి అద్దంలోంచి పిన్ని పెదాల వంకే చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన నిదానంగా తల ఊపింది ఎప్పుడో, ఎవరి మాట తరవాతో, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పిన్నిని చెయ్యి పట్టుకుని నీళ్ళ పంపు దగ్గరికి తీసుకెళ్ళాను.

“పిన్నీ, బాబాయికి వినపడదా?”

ఆ మాటని మాత్రం పిన్ని తిరిగి అనలేదు.

“బాగా తక్కువ” అంది మెల్లగా. అంత మెల్లగా మాట్లాడగలదని నాకప్పటిదాకా తెలియదు. “జీవితమంతా ఆ మిషన్ పక్కన నిలబడితే రాయికైనా చెవుడొస్తుంది. డాక్టరుకి చూపించాం. కళ్ళు డేగ కళ్ళు, బండి నడపడానికి అడ్డేం లేదన్నాడు. చెవిలో పెట్టుకునేదేదో ఇచ్చాడు. అది పెట్టుకుంటే మనుషుల మాటలు తప్ప గిన్నెల చప్పుళ్ళన్నీ వినపడుతున్నాయని మీ బాబాయి తీసి అవతల పడేశాడు.”

“మాతో చెప్పొచ్చుగా!”

“చెబితే ఏం చేస్తార్రా? కొందరు చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తారు. మిగతావాళ్ళు ఆయనకెందుకులే అని వదిలేస్తారు. నలుగురిలో కూర్చుని ‘ఏంటీ, ఏంటీ’ అని అడుక్కోవాలంటే ఆయనకి ప్రాణం పోయినట్టుంటుంది. అడక్కముందే నేను అనేస్తే ఏ గొడవా లేదు. నన్ను చూసి నవ్వుకుంటారా? నవ్వుకోండి. ఆయన దర్జా ఆయనకుంటే నాకు చాలు.”

జాలిపడాల్సిన మనిషి కోసం జాలిపడకుండా ఇన్నేళ్ళూ నవ్వాం అనుకున్నాను గానీ, ఎదురుగా నిలబడ్డ పిన్నిని చూస్తే అక్కడ జాలిపడాల్సినవాళ్ళెవరూ కనపడలేదు. అందుకని వేరే మాట అడిగాను.

“మరి ఆ మొలలాయన్ని ఎందుకు బజారుకీడ్చావు?”

“పక్కవాళ్ళ కబుర్లంటే మీ బాబాయికి ప్రాణంరా. ఏమంటున్నాడు అని కళ్ళతో అడిగాడు. చెప్పకపోతే ఇంటికెళ్ళేదాకా అలిగేవాడు.” కొంగుతో మొహం తుడుచుకుని పిన్ని షెడ్డు వైపు చూసింది. “ఆ కొత్తది ఏం చెప్పాలన్నా కూతే కూస్తుంది. ఇన్నాళ్ళూ మీ అందరి మాటలూ మోశాను. ఇప్పుడు కారు మాటలు కూడా మోయమంటే నా వల్ల కాదు. పద, పాతదాని సంగతి చూద్దాం.”

పాతదానికి మీటలు లేవు, తాళంచెవి ఉంది. బాబాయి తిప్పగానే కారు మొత్తం ఒళ్ళు విరుచుకుని గుర్రుమంది. బల్ల మీద కార్లాయన టీ గ్లాసు గిలగిలలాడుతూ అంచుదాకా నడిచింది. నేను చెవులు మూసుకున్నాను. బాబాయి గేరు కర్ర మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు సగం మూసి, ప్రెస్సులో నిలబడినట్టే కూర్చున్నాడు. ఆయన మొహంలో అలాంటి వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

“స్టార్టయిందండీ” అని కార్లాయన అలవాటుగా అన్నాడు.

పిన్ని దాన్ని తిరిగి అనలేదు. అవసరం లేకపోయింది.

బాబాయి మెడ తిప్పి రెండు పక్కలా చూసుకుని, టైర్ల గుట్ట పక్కనుంచి వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు కారు వెనక్కి తీశాడు. గేటు దాటి, పక్క సీట్లో కార్లాయనతో సహా రోడ్డెక్కాడు. మలుపు దగ్గర గేరు మారిన చప్పుడు మా దాకా వచ్చింది. ఎక్కడా తడబాటు లేదు. చాలాసేపటికి తిరిగొచ్చి, వెళ్ళిన చోటే కారు నిలబెట్టాడు. కార్లాయన జుట్టు నిక్కబొడుచుకుని ఉంది.

“ఎలా నడిపారు?” అంది పిన్ని.

“బాగానే...” అనబోయి, కార్లాయన ఆవిడ నోరు తెరవడం చూసి ఆగాడు. “వద్దు మేడమ్, నిజం చెప్పేస్తాను. ఈ బండిని ఇంత చక్కగా నడిపినవాళ్ళని నేను చూడలేదు. ఆ డాక్టరుగారు కూడా పనికిరారు.”

“డాక్టరుగారు కూడా పనికిరారట!” షెడ్డు దద్దరిల్లేలా పిన్ని అంది. బాబాయి తల ఊపాడు, నిదానంగా, తీర్పు చెప్పినట్టు.

బ్రేకులు, బెల్టులు కొత్తవి వేయించి ఇవ్వాలని పిన్ని, అలాగేనని కార్లాయన. వేయించకపోతే ఏమవుతుందో ఆవిడ చెప్పనక్కర్లేకపోయింది. మళ్ళీ వచ్చి అతని మాటలు అతనికే వినిపిస్తుందని అతనికి తెలుసు. అంతలో నా ఫోన్ మోగింది. అక్క. అందరికీ వినపడేలా పెట్టాను.

“ఏరా, కొత్తదేగా?”

“కొత్తదేగా అంటోందండీ!”

బాబాయి కారు దిగకుండానే, “పాతది కొనేశామని చెప్పు” అన్నాడు.

“కొనేశామట!” అంది పిన్ని ఫోన్లోకి.

“పక్కనే ఉండి ‘కొనేశామట’ ఏంటమ్మా!” అని అక్క మొత్తుకుంది. “తమ్ముడూ, నువ్వేం చేస్తున్నావురా అక్కడ?”

“బాబాయి నడపడం నా కళ్ళతో చూశాను అక్కా. ఆయనకి సరిపోయేది ఇదే. బ్రేకులు కొత్తవి వేయిస్తున్నారు. నువ్వు వచ్చి ఒకసారి పక్కన కూర్చో, ఆ తరవాత తిట్టు” అన్నాను. నా మాటలు కూడా పిన్ని ఒక్కొక్కటే బాబాయికి అందించింది. అక్క వచ్చింది, కూర్చుంది. దిగాక ఇంకోసారి తిప్పమని అడిగింది. తిట్టడం మరిచిపోయింది.

నా వంతు ఆ మరుసటి ఆదివారం వచ్చింది. కారు గుర్రుమంటోంది. నేను బాబాయి పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుంటున్నాను. పిన్ని గేటు దగ్గర నిలబడి మా వైపు తిరిగి ఏదో అంది. ఆ ఇంజన్ హోరులో నాకు ఒక్క ముక్కా వినపడలేదు.

“ఏంటీ?” అన్నాను.

పిన్ని మళ్ళీ ఏదో అంది. పెదాలు కదలడం తప్ప నాకేమీ తెలియలేదు.

“ఏంటి పిన్నీ? ఏంటీ?”

బాబాయి నా భుజం మీద చెయ్యి వేశాడు. మొహం నా వైపు తిప్పి, నాకు అర్థమయ్యేలా, గొంతు పెంచి, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాడు.

“జాగ్రత్తగా వెళ్ళి రావాలట! చీకటి పడకముందే ఇంటికి చేరాలట!”