కన్నమ్మ ఇప్పచెట్టు కింద

గృహహింస చట్టం కొత్తగా వచ్చిన రోజులు. మొగుడు చెయ్యి విరగ్గొడితే ఖమ్మంలో ఇలాంటి ఆడవాళ్ళ కోసం మేం నడిపే వసతి గృహానికి వచ్చిన కన్నమ్మ, ఎముక అతుక్కోగానే ఇంటికి పోతానంది. ఊరి పెద్దలు కూర్చుని ఇల్లు ఆమెకే ఉంచి, మొగుణ్ణి వాళ్ళన్న దగ్గరికి పంపారని కబురు వచ్చింది. కబుర్లు నమ్మే రకాన్ని కాను. అందుకే తోడు బయల్దేరాను.

పొద్దున ఆరింటికి ఎక్స్‌ప్రెస్ బస్సు. కొత్తగూడెంలో ఇడ్లీ తిన్నాం, చట్నీ నీళ్ళే. అక్కడ ఎక్కిన గాజులమ్మే ముసలమ్మ కన్నమ్మ చెయ్యి చూసి, "ఏమైంది బిడ్డా?" అంది.

"పడ్డ."

"నేను సుత గట్లనే చెప్తుంటి," అని ముసలమ్మ ఆ చేతిని భద్రాచలం దాకా వదల్లేదు.

భద్రాచలంలో పల్లెవెలుగు మారాం. వెళ్ళేవారు గుర్తుంచుకోండి, అదే బస్సు మూడింటికి వెనక్కి వస్తుంది, తర్వాత ఏదీ లేదు. ఆలోపు కన్నమ్మ ఉండాలో, నాతో తిరిగి రావాలో తేలాలి. ఆమె సంచి నేనే పట్టుకున్నాను. అనుమానం తీరేదాకా కింద పెట్టనని ముందే చెప్పాను.

బస్సు దిగి ఊరివైపు నడుస్తుంటే అడవిలో పొగ. మొగుడు ఇంటికి నిప్పు పెట్టాడేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇప్పచెట్ల కింద ఆకులు కాలవెడుతుండ్రక్కా. పువ్వు రాలకముందే ఊడ్వాలె," అని కన్నమ్మ నవ్వింది.

కాస్త దూరం పోయాక ఆ నవ్వు పోయింది. అక్కడ ఒక్కో చెట్టు ఒక్కో ఇంటిది. అయినా కింద ఎవరు ఊడిస్తే, ఆ ఏడు రాలిన పువ్వు ఏరి అమ్ముకునేది వాళ్ళే. కన్నమ్మ చెట్టు కింద అప్పటికే శుభ్రంగా ఊడ్చి ఉంది.

"నా చెట్టు ఎవరో పట్టుకున్నరు. ఇగ నాకేమున్నదక్కా, పోదాం పా."

చెట్టు వెనకనుంచి చీపురుతో ఒకామె వచ్చింది. మహిళా సంఘం పెద్ద జోగమ్మ.

"ఏంది, గిప్పుడా వచ్చేది? మొన్న నీ మొగడు ఊడ్వ వచ్చిండు. చెట్టు దానిది, నువ్వు జరుగు అన్నం. అప్పట్నుంచి మేమే ఊడుస్తున్నం."

"మళ్ళీ వస్తే?" అన్నాను.

"రానీ. దీని తలుపు కొడితే మా నాలుగిండ్లు లేస్తయి."

చీపురు కన్నమ్మ చేతిలో పెట్టి, నా చేతిలోని సంచి అందుకుంది జోగమ్మ. నేను వదిలేశాను. కన్నమ్మ ఏడుస్తూనే, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

మూడింటి బస్సులో అదే కండక్టరు. "ఇంకొకామె రాలేదా?" అన్నాడు.

"లేదు. ఒక్కటే ఇవ్వండి."

ఇలా ఎందరినో ఇళ్ళకు దింపాను. వచ్చేటప్పుడు దారంతా వాళ్ళ గురించే భయం. ఈసారి మాత్రం హాయిగా నిద్ర పట్టేసింది. భద్రాచలంలో కండక్టరే లేపాడు.