అర్జెంటు, అందరూ వెంటనే చూడండి

దొంగ మెయిల్ని కనిపెట్టిన తెలివితోనే ఆఫీసు మొత్తాన్ని గందరగోళంలో పడేసిన మనిషిని మీరు చూసి ఉండకపోతే, ఇదిగో, నేనే.

అప్పట్లో కాకినాడ నుంచి కొత్తగా వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ, పంజగుట్టలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఉద్యోగం చిన్నదే గానీ నా మీద నాకున్న నమ్మకం మాత్రం ఫ్లైఓవరంత. ఒకరోజు మా కంప్యూటర్లు చూసుకునే సబిత గారు బ్యాంకుల పేరుతో వచ్చే దొంగ మెయిళ్ల గురించి అందరికీ పాఠం చెప్పారు. పంపినవాళ్ల అడ్రసు అక్షరం అక్షరం చూడమన్నారు. తొందరపెడితే అనుమానించమన్నారు. లింకు నొక్కొద్దన్నారు. ఇంతవరకూ బుద్ధిగా రాసుకున్నాను. అలాంటిది వస్తే ఏం చేయాలో చెప్పే సమయానికి సమోసాలు వచ్చాయి, నా ధ్యాసంతా అటే పోయింది. మీరైనా అంతే చేసేవాళ్లు.

వారం తిరగకుండానే నాకొకటి వచ్చింది. బ్యాంకు పేరులో ఒక అక్షరం ఎక్కువుంది. 'ప్రియమైన ఖాతాదారు' అన్నారు తప్ప నా పేరు లేదు. సాయంత్రంలోగా లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ఖాతా ఆగిపోతుందట. పరీక్షలో చదివిన ప్రశ్నే వచ్చినంత సంబరపడ్డాను.

ఇంత గొప్ప విషయం నా ఒక్కదాని దగ్గరే ఉంచుకోవడం ధర్మమా? దాన్ని ఉన్నదున్నట్టు ఆఫీసంతటికీ పంపేశాను. పైన 'చాలా అర్జెంటు, అందరూ వెంటనే చూడండి' అని పెట్టాను. 'ఇది మోసం, నొక్కకండి' అని కూడా రాశాను, కాదనను. కాకపోతే అది అట్టడుగున, నా పేరు కింద ఉంది. లోకాన్ని కాపాడిన తృప్తితో లంచ్ టైములో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో కుట్టడానికిచ్చిన డ్రెస్సు తెచ్చుకోవడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి అకౌంట్స్ చూసే యాదగిరన్న ఫోను పట్టుకుని నా కుర్చీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"చెల్లె, నువ్వు పంపినట్టే చేసిన. పాస్‌వర్డ్ కొట్టిన. గిప్పుడు ఓటీపీ అడుగుతుండు. గది సుత కొట్టాల్నా?"

నా చేతిలోంచి డ్రెస్సు కవరు జారిపోయింది. పొద్దున్నే జీతాలు పడ్డాయి.

"వద్దన్నా. నొక్కొద్దని రాశాను కదా."

"యాడ రాసినవ్?"

"కింద."

"మీద అర్జెంటని రాసి, కింద వద్దని రాస్తవా? కిందిదాంక ఎవరు చదువుతరు? నువ్వు పంపినవ్ గదా అని నమ్మిన."

తిట్టినా బాగుండేది. ఆ 'నమ్మిన' అన్న మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. ఇద్దరం సబిత గారి దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ గొంతు పెంచకుండా, మెయిల్లో ఉన్న నంబరు కాదు, కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేయించారు. ఖాతా ఆపించి, పాస్‌వర్డ్ మార్పించారు. ఓటీపీ చెప్పలేదు కాబట్టి ఏమీ పోలేదన్నారు బ్యాంకువాళ్లు. యాదగిరన్న కుర్చీలో కూలబడి గ్లాసుడు నీళ్లు తాగాడు. నేను బాటిలంతా తాగాను.

"ఇంకెవరైనా నొక్కారాండీ?" అని భయంభయంగా అడిగాను.

"లేదు. మిగతావాళ్లు పాఠం బాగానే విన్నారు. అనుమానం వస్తే ఎవరికీ పంపకుండా రిపోర్ట్ బటన్ నొక్కమన్నాను. అందరూ నొక్కారు."

"అయితే దొంగ అడ్రసు ఆపేసినట్టేగా?"

"ఆపేసింది సిస్టం." ఆవిడ స్క్రీన్ నా వైపు తిప్పారు. "నీ అడ్రసే."

పంపింది నేనే కదా మరి. క్షమించమని రాసిన మెయిల్ కూడా ఎవరికీ చేరలేదు. ఆ సాయంత్రం ఒక్కొక్క బల్ల దగ్గరికీ వెళ్లి, నేను మోసగత్తెను కాదని నోటితో చెప్పుకున్నాను. ఇద్దరు ఐడీ కార్డు చూపించమన్నారు.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట దొంగ మెయిల్ ఎంత ముచ్చటగా ఉన్నా దాన్ని ఊరేగించను. రిపోర్ట్ బటన్ నొక్కి, సబిత గారికి ఒక మాట చెప్పి, నోరు మూసుకుని నా పని చూసుకుంటాను.