ఓనరమ్మ నీళ్ళు, ఇటలీ స్కాలర్‌షిప్

రెండు వేల ఇరవై నాలుగు, ఎండాకాలం. బెంగళూరు మడివాళలో ఒక లేడీస్ పీజీ హాస్టల్ కింద అంతస్తులో నా ఆఫీసు. విదేశాల్లో చదవాలనుకునే పిల్లలకు దరఖాస్తులు సిద్ధం చేసిపెట్టడం నా పని. ఇటలీకి నేను పంపినవాళ్ళు వందల్లో ఉంటారు. సరే, వందలనడం నోటికి అలవాటైపోయింది. పదిమంది కూడా లేరు. వాళ్ళంతా ఇంజినీరింగుకో ఫ్యాషన్ డిజైనుకో పోయినవాళ్ళే. ఇటాలియన్ సాహిత్యంలో పిహెచ్‌డి చేస్తానంటూ నా ముందు కూర్చున్నది మాత్రం లావణ్య ఒక్కతే.

లావణ్యవాళ్ళది కదిరి పక్కన పల్లె. తండ్రి నరసింహులు బెంగళూరు శివారు చందాపురలో తాపీమేస్త్రీ. ఆ అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, కుందలహళ్ళిలో ఒక కంపెనీలో కస్టమర్ కేర్ ఉద్యోగంలో చేరింది. ఇంకో విదేశీ భాష వస్తే జీతం పెరుగుతుందని ఇటాలియన్ నేర్చుకుంది. ఇటలీలో వాషింగ్ మెషీన్ మొరాయించినవాళ్ళంతా ఫోన్ చేసి ఈమెనే తిట్టేవాళ్ళు. ఆ తిట్లు వింటూనే భాష మీద మనసు పడింది. డిప్లొమా చేసింది, నవలలు చదవడం మొదలుపెట్టింది. ఇప్పుడేమో కంపెనీ ఆ తిట్లు వినే పనిని కంప్యూటరుకు అప్పగించేస్తోంది. ఇటాలియన్ విభాగం మూసేసి ఈమెను ఇంగ్లీషు విభాగానికి మారమంటున్నారు.

అక్కడి పద్ధతి కొంచెం చెప్పాలి. ఇటలీ యూనివర్సిటీలు పిహెచ్‌డి సీట్లకు ఏటా పోటీ పెడతాయి. ఏ విషయం మీద పరిశోధన చేస్తామో వివరించే ప్రపోజల్ ఒకటి రాసి పంపాలి. అది నచ్చితే ఇంటర్వ్యూ, ఆ తర్వాత ర్యాంకులు. పై ర్యాంకులకు నెలనెలా స్కాలర్‌షిప్ వస్తుంది. దాన్ని వాళ్ళు బోర్సా అంటారు. కింది ర్యాంకులకు సీటు ఉంటుంది, డబ్బు ఉండదు. అంటే రైలెక్కనిస్తారు కానీ బెర్త్ మనమే ఇంటినుంచి మోసుకుపోవాలి.

"బోర్సా లేని సీటు నాకు సీటే కాదు సార్," అంది లావణ్య మొదటి రోజే. "మా నాయన గోడలు కట్టి నన్ను ఇంత దూరం తెచ్చినాడు. ఇంక ఆయన్ను అడగను. రాకపోతే ఈ పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టేస్తా."

నేను ఉత్సాహంగా ప్రపోజల్ రాసిపెట్టాను. 'రోము నుంచి హంపి దాకా: రెండు మహా నాగరికతల ఆత్మసంభాషణ'. ఆ అమ్మాయి ఓపిగ్గా చదివి, "దీంట్లో నేనెక్కడ ఉండాను సార్?" అనడిగింది.

"ఇంత పెద్ద విషయంలో నువ్వు కనబడకపోతే ఏమమ్మా?"

ఆమె దాన్ని నా బల్ల మీదే వదిలేసి, తనే వేరే ప్రపోజల్ రాసుకుంది. ఇటాలియన్ నవలల్లో ఆడవాళ్ళ ఫిర్యాదుల గురించి. నాకది మరీ చిన్నదిగా తోచింది. అయినా దాన్నే పంపింది, ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. అది నా సలహా ఫలితమేనని ఆఫీసులో అందరికీ చెప్పాను. ఆఫీసులో ఉండేది నేనొక్కడినేననుకోండి.

ఇక మాక్ ఇంటర్వ్యూ. అసలు పరీక్షకు ముందు మేం పెట్టే ఉత్తుత్తి పరీక్ష అది. ఆదివారం పెట్టాను. కూతురు ఏం చేయబోతోందో చూద్దామని నరసింహులు కూడా వచ్చి గోడవార స్టూలు మీద కూర్చున్నాడు. నేను మెడకు మఫ్లరు చుట్టుకుని ఇటలీ ప్రొఫెసరునైపోయాను. ధారాళంగా ఇటాలియన్‌లో ప్రశ్నలు వేశాను. ధారాళమంటే, నమస్కారం వరకు ఇటాలియన్‌లో. మిగతాదంతా ఇంగ్లీషే.

లావణ్య జవాబులన్నీ ఒప్పజెప్పింది. నేను నేర్పిన బరువైన మాటలే. అవి ఆమె నోట్లోంచి అద్దెకు తెచ్చిన కోటులాగా వేలాడుతూ వచ్చాయి. నాకే ఆవలింత వచ్చింది.

ఇంతలో నరసింహులు గొంతు సవరించుకున్నాడు. "సార్, నడమ నేనొకటి అడగొచ్చునా?"

"అడగప్పా."

ఆయన కూతురివైపు తిరిగాడు. "మూడేండ్లు నెలనెలా దుడ్లిచ్చి చదివిపిస్తారంటివి. ఎవురో ఆడోళ్ళు ఎవురి మిందనో మొర పెట్టుకుంటే, అది నువ్వు చదివితే వాళ్ళకేమొస్తాది? సుమ్నే, ఊరికే ఇస్తారా?"

లావణ్య కుర్చీ తండ్రివైపు తిప్పుకుంది. తర్వాత ఇంగ్లీషు వదిలేసింది.

"నాయనా, మన బాడుగింటి ఓనరమ్మ నీళ్ళు వదలకపోతే నువ్వు పోయి ఎట్లడుగుతావు?"

"అడగనే అడగను. అడిగితే ఇల్లు ఖాళీ చెయ్యమంటాది."

"మరి నీళ్ళెట్లొస్తాయి?"

"పోయి, మీ మనవడికి జరం తగ్గిందామ్మా అంటా. తగ్గిందప్పా అంటాది. ఈ తూరి ఎండలు జాస్తి కదమ్మా అంటా. ఔనప్పా అంటాది. అంతే, వచ్చేస్తా. రవ్వంతసేపటికి మోటరు శబ్దం ఇనబడతాది."

"అమ్మ పోతే?"

"మీయమ్మా? ఖాళీ బిందె చంకన పెట్టుకోని ఆయమ్మ ముందర అట్ల నడుచుకుంటా పోతాది. మాట గూడా ఆడదు."

నేను పగలబడి నవ్వాను. లావణ్య నవ్వలేదు.

"ఆ నవలల్లో ఆడవాళ్ళూ అంతే నాయనా. ఇంటాయనకు, మొగునికి, ఆఫీసరుకు నేరుగా చెప్పుకోలేరు. ఆరోగ్యం అడుగుతారు, వాన సంగతి రాస్తారు. చదివేవాళ్ళు అవి ఉత్త కబుర్లనుకోని పేజీ తిప్పేస్తారు. ఇన్నేండ్లు ఫోన్లో మొరలు విని ఉండాను కదా, నాకు ఆ పేజీలో బిందె కనబడతాది. దాన్ని చూపించేదానికి పోతా ఉండాను."

నరసింహులు నావైపు, నా మఫ్లరు వైపు చూశాడు. "ఈ మాట చెప్పు పాపా వాళ్ళకు. ఇంతసేపూ ఇంగిలీసులో ఏమి చెప్తా ఉంటివి?"

నేను మఫ్లరు తీసి బల్ల సొరుగులో పెట్టేశాను.

అసలు ఇంటర్వ్యూ వీడియోలో, నా ఆఫీసులోనే జరిగింది. లావణ్య ఉండే పై పీజీలో ఇంటర్నెట్ నిలకడగా ఉండదు. నేను తలుపు బయట కాపలా నిలబడి మొత్తం విన్నాను. విన్నమాట నిజం, అర్థమైంది మాత్రం ఒక్క ముక్కా లేదు. సందులోంచి చూస్తే, లావణ్య చంకలో బిందె ఉన్నట్టు చేయి వంచి చూపిస్తోంది. తెర మీది ప్రొఫెసర్లలో ఒక పెద్దావిడ రాసుకోవడం ఆపి, పెన్ను పక్కన పెట్టి, ముందుకు వంగింది.

లావణ్యకు మొదటి ర్యాంకు వచ్చిందని మడివాళ మార్కెట్లో చాలామందికి చెప్పాను. నిజానికి బోర్సా ఉన్న సీట్లలో ఆఖరిది వచ్చింది. ఆఖరిదైనా బోర్సా బోర్సానే.

పరిశోధనకు డబ్బు ఇచ్చేవాళ్ళకు మనం ఘనంగా కనబడాలని నా వృత్తిలో అందరమూ నమ్ముతాం. వాళ్ళు చూసేది అది కాదని ఈ కేసుతో తెలిసింది. అందరూ తిప్పేసే పేజీ దగ్గర ఈ మనిషి ఎందుకు ఆగింది? అది చెప్పగలిగితే చాలు. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చేవాళ్ళను ముందు ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పమంటున్నాను. కొంతమంది చిరాకుపడి పక్కవీధి కన్సల్టెన్సీకి పోతున్నారు. పోనీండి.

ఫలితం తెలిసిన రోజు లావణ్య నా ముందే స్పీకర్ పెట్టి తండ్రికి ఫోన్ చేసింది. అవతల సిమెంటు కలిపే యంత్రం చప్పుడు. బోర్సా వచ్చిందని చెప్పగానే ఆయన అడిగాడు:

"నెలనెలా ఇస్తారా?"

"ఇస్తారు నాయనా. మూడేండ్లూ."

"ఆడ ఇల్లు?"

"బాడుగకు చూసుకోవాల."

యంత్రం చప్పుడు దూరమైంది. తర్వాత గొంతు తగ్గించి, పెద్ద రహస్యం అప్పజెబుతున్నట్టు అన్నాడు:

"పోతానే నీళ్ళ మాట ఎత్తొద్దు పాపా. ముందు ఆ ఊరి ఓనరమ్మ పిల్లోళ్ళ పేర్లు తెలుసుకో."